ఇంగ్లండ్‌లో నెలనెలా వాడే మందులు: ఆర్డర్ ఎలా చేయాలి, ఎక్కడ తీసుకోవాలి

హైదరాబాద్‌లోనో గుంటూరులోనో బీపీ మాత్రలు అయిపోతే పాత స్ట్రిప్ పట్టుకుని సందు చివర మెడికల్ షాపుకి వెళ్తాం. ఐదు నిమిషాల పని. ఇంగ్లండ్‌లో ఆ పద్ధతి నడవదు. ఇక్కడ ప్రతి విడతకీ జీపీ సర్జరీలో, అంటే మీరు రిజిస్టర్ అయిన ఫ్యామిలీ డాక్టర్ క్లినిక్‌లో, ఎవరో ఒకరు చూసి సరే అనాలి, ఆ ప్రిస్క్రిప్షన్ ఫార్మసీకి చేరాలి, ఫార్మసీవాళ్లు మందులు తీసి సంచీలో సర్దాలి. కొత్తగా వచ్చిన మనవాళ్లు చాలామంది చివరి మాత్ర వేసుకున్న రోజు పొద్దున సర్జరీకి ఫోన్ చేస్తారు. ఆ రోజే మందు చేతికి రావడం కష్టం. షుగర్ మాత్రలో మూర్ఛ మాత్రలో మధ్యలో ఆగిపోతే జరిగే నష్టం చిన్నది కాదు. అందుకే ఏ దారి ఎవరికి నప్పుతుందో వివరంగా రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. స్మార్ట్‌ఫోన్ వాడే వాళ్లకి ఎన్‌హెచ్‌ఎస్ (ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్య సేవ) యాప్‌లో ఆర్డర్ చేసి, ఇంటికి నడిచి వెళ్లేంత దూరంలో ఉన్న ఫార్మసీలో తీసుకోవడం మంచి దారి. మందులు ఏడాదిగా మారకుండా ఉంటే దానికంటే మంచి దారి ఇంకోటి ఉంది. డాక్టర్ ఒకేసారి ఏడాదికి సరిపడా విడతలు రాసిపెట్టే పద్ధతి అది. మనవాళ్లలో దాని గురించి అడిగేవాళ్లే తక్కువ. ఫోన్ చేసి ఆర్డర్ ఇవ్వడాన్ని మాత్రం నమ్ముకోకండి.

ఆర్డర్ చేయడం ఒక నిర్ణయం, మందు తీసుకోవడం ఇంకో నిర్ణయం. యాప్‌లో ఆర్డర్ చేసినంత మాత్రాన ఇంటికి డెలివరీ వస్తుందని కాదు. ఆన్‌లైన్ ఫార్మసీలో చేరినంత మాత్రాన సర్జరీలో ఆమోదం త్వరగా అయిపోదు. ఈ రెండిటినీ ఒకటే అనుకోవడం వల్లే సగం టెన్షన్.

ఎన్ని రోజుల ముందు

చాలా సర్జరీలు ఆమోదానికి రెండు పనిదినాలు అడుగుతాయి. కొన్ని మూడు అంటాయి. శనివారం, ఆదివారం, బ్యాంక్ హాలిడేలు (ప్రభుత్వ సెలవులు) ఈ లెక్కలోకి రావు. ఆమోదం అయ్యాక ఫార్మసీకి ఇంకో రెండు మూడు రోజులు పట్టవచ్చు. స్టాక్ లేకపోతే హోల్‌సేలర్ నుంచి తెప్పించాలి కాబట్టి ఇంకొంచెం ఎక్కువ. గురువారం సాయంత్రం ఆర్డర్ పెట్టారనుకోండి. సర్జరీ లెక్క శుక్రవారం మొదలై సోమవారానికి పూర్తవుతుంది. ఫార్మసీలో సంచీ సిద్ధమయ్యేసరికి బుధవారమో గురువారమో అవుతుంది. అంటే వారం.

కాబట్టి ఏడు నుంచి పది రోజుల మాత్రలు మిగిలి ఉండగానే ఆర్డర్ పెట్టండి. మరీ ముందు పెడితే ‘ఇంకా టైమ్ కాలేదు’ అని సర్జరీ తిరస్కరిస్తుంది. క్రిస్మస్, ఈస్టర్, మే నెల బ్యాంక్ హాలిడేలు వస్తుంటే మాత్రం ఇంకొన్ని రోజులు ముందుకి జరపండి. ఆ వారాల్లో అందరూ ఒకేసారి ఎగబడతారు.

సాధారణంగా 28 రోజులకి ఇస్తారు, కొన్ని సర్జరీలు 56 రోజులకి. 28 రోజుల లెక్కన ఏడాదికి పన్నెండు సార్లు కాదు, పదమూడు సార్లు. డబ్బు దగ్గరికి వచ్చినప్పుడు ఈ పదమూడో సారి గుర్తుపెట్టుకోవాలి.

యాప్ నుంచి ఆర్డర్

ఎన్‌హెచ్‌ఎస్ యాప్ ఇంగ్లండ్‌లో జీపీ దగ్గర రిజిస్టర్ అయిన, 13 ఏళ్లు నిండిన ఎవరికైనా పనిచేస్తుంది. మొదటిసారి పాస్‌పోర్టు లాంటి ఫొటో గుర్తింపు కార్డు చూపించి, ముఖాన్ని ఫోన్ కెమెరాతో స్కాన్ చేయాలి. అక్కడ ఇబ్బంది వస్తే సర్జరీ రిసెప్షన్‌లో అడిగితే అకౌంట్ వివరాలు కాగితం మీద ఇస్తారు, వాటితోనూ లాగిన్ కావచ్చు.

లోపలికి వెళ్లాక ప్రిస్క్రిప్షన్ల విభాగంలో మీ రిపీట్ మందులన్నీ, అంటే డాక్టర్ మళ్లీ మళ్లీ తీసుకోమని రాసిపెట్టినవన్నీ, వరసగా కనిపిస్తాయి. కావలసిన వాటి పక్కన టిక్ పెట్టి, ఏ ఫార్మసీకి వెళ్లాలో సరిచూసుకుని పంపిస్తే అయిపోయింది. రాత్రి పదకొండింటికైనా పంపవచ్చు. ఆర్డర్ ఏ దశలో ఉందో తర్వాత అదే చోట కనిపిస్తుంది. కొన్ని సర్జరీలకి పంపేటప్పుడు డాక్టర్‌కి చిన్న నోట్ రాసే వీలు కూడా ఉంటుంది. ఇండియా వెళ్తున్నట్టయితే ఆ నోట్ చాలా పనికొస్తుంది.

అన్నిటికీ టిక్ పెట్టేయడం మన అలవాటు. ఎందుకైనా మంచిదని. ఇన్‌హేలర్ ఇంట్లో రెండు ఉండగా మూడోది, సగం వాడిన క్రీము ఉండగా ఇంకోటి. ఒకసారి ఫార్మసీ గుమ్మం దాటిన మందుని, సీల్ విప్పకపోయినా, మళ్లీ ఇంకొకరికి ఇవ్వరు. తిరిగి ఇస్తే పారేయాల్సిందే. అయిపోవచ్చిన వాటికే టిక్ పెట్టండి.

యాప్‌తో ఇంకో లాభం ఏమిటంటే, ఫార్మసీని మీరే మార్చుకోవచ్చు. మీరు ఎంచుకుని పెట్టుకున్న ఫార్మసీకి ప్రిస్క్రిప్షన్ ఎలక్ట్రానిక్‌గా వెళ్లిపోతుంది, కాగితం అక్కర్లేదు. ఏ ఫార్మసీనీ ఎంచుకోకపోతే 2024 నుంచి యాప్‌లోనే బార్‌కోడ్ కనిపిస్తోంది. ఏ ఫార్మసీలోనైనా ఆ బార్‌కోడ్ చూపిస్తే మందులు ఇస్తారు. ఆఫీసు పని మీద ఊళ్లు తిరిగేవాళ్లకి ఇది చాలా సౌకర్యం.

భార్యకో భర్తకో పెద్దవాళ్లకో ఆర్డర్ చేయాలంటే వాళ్ల ఫోన్, వాళ్ల పాస్‌వర్డ్ మీరు వాడకండి. సర్జరీలో ఒక ఫారం నింపి వాళ్ల అనుమతి ఇస్తే, వాళ్ల ప్రొఫైల్ మీ యాప్‌లోనే కలుస్తుంది. పిల్లల విషయంలోనూ ఇదే పద్ధతి. ఒక్కసారి చేసుకుంటే ఇంటిల్లిపాదికీ ఒకే ఫోన్ నుంచి పని జరుగుతుంది.

కాగితం చీటీ

మందుల సంచీతో పాటు వచ్చే కాగితంలో మీ రిపీట్ మందుల జాబితా, వాటి పక్కన చిన్న గళ్లు ఉంటాయి. కావలసిన వాటికి టిక్ పెట్టి సర్జరీ తలుపు దగ్గరున్న డబ్బాలో వేస్తే చాలు. పాత పద్ధతి కదా అని తీసిపారేయకండి. ఫోన్ చూస్తే చిరాకుపడే పెద్దవాళ్లకి, ఇంగ్లీషులో మాట్లాడాలంటే బెరుకు ఉన్నవాళ్లకి ఇది ఇప్పటికీ నమ్మకమైన దారి. ఎవరితోనూ ఒక్క మాట మాట్లాడకుండా పని అయిపోతుంది. చీటీ పోగొట్టుకుంటే మామూలు కాగితం మీద పేరు, పుట్టిన తేదీ, అడ్రస్, మందుల పేర్లు రాసి వేసినా చాలా సర్జరీలు తీసుకుంటాయి.

లోపం ఒకటే, ఆర్డర్ ఎక్కడిదాకా వచ్చిందో ఇంట్లో కూర్చుని తెలుసుకోలేరు.

అదే కాగితం మీద ‘రివ్యూ’ తేదీ, అంటే మీ మందులని సర్జరీవాళ్లు మళ్లీ సరిచూడాల్సిన తేదీ ఒకటి ఉంటుంది. దాన్ని ఎవరూ చూడరు. ఆ తేదీ దాటితే ఆర్డర్‌ని ఆపేయవచ్చు, లేదా కొద్ది రోజులకి సరిపడా ఇచ్చి డాక్టర్‌నో సర్జరీ ఫార్మసిస్టునో కలవమంటారు. థైరాయిడ్ మాత్రలకి ఏటా రక్తపరీక్ష, రామిప్రిల్, లొసార్టాన్ లాంటి బీపీ మాత్రలకి కిడ్నీ పరీక్ష, షుగర్‌కి హెచ్‌బీఏ1సీ రక్తపరీక్ష... ఇవి పెండింగ్ ఉన్నా అదే జరుగుతుంది. రివ్యూ తేదీకి మూడు నాలుగు వారాల ముందే అపాయింట్‌మెంట్ తీసుకుంటే ఆర్డర్ ఆగదు.

ఫోన్, ఫార్మసీ ద్వారా ఆర్డర్

ఫోన్‌లో మందుల పేర్లు తప్పుగా వినిపించే ప్రమాదం ఉందని చాలా సర్జరీలు ఫోన్ ఆర్డర్లు మానేశాయి. ఇంట్లోంచి కదలలేని వాళ్లకి, చూపు సరిగా లేని వాళ్లకి మాత్రం మినహాయింపు ఇస్తారు. మీ ఇంట్లో అలాంటివాళ్లు ఉంటే సర్జరీకి చెప్పి రికార్డులో రాయించండి.

ఫార్మసీయే మీ తరఫున ఆర్డర్ చేసే పద్ధతి ఒకప్పుడు బాగా నడిచింది. అడగకపోయినా ప్రతి నెలా అన్నీ వచ్చిపడి, అల్మారాలు నిండిపోయి, చాలా ప్రాంతాల్లో సర్జరీలే దాన్ని ఆపించాయి. మీ ప్రాంతంలో ఇంకా ఉంటే, రోజువారీ మాత్రలు డబ్బాల్లో సర్దించుకునే పెద్దవాళ్ల వరకు వాడుకోవచ్చు. మిగతావాళ్లకి అక్కర్లేదు.

ఏడాదికి ఒకేసారి రాయించుకోవడం

దీన్ని ఎలక్ట్రానిక్ రిపీట్ డిస్పెన్సింగ్ అంటారు. సర్జరీలో ‘బ్యాచ్ ప్రిస్క్రిప్షన్’ అన్నా అర్థమవుతుంది. డాక్టర్ ఒకేసారి గరిష్ఠంగా 12 నెలల దాకా విడతలు సంతకం చేసి పెడతారు. మొదటి విడత అప్పుడే ఫార్మసీకి వెళ్తుంది. మిగతావి సిస్టమ్‌లో దాగి ఉండి, ఒక్కోటీ గడువుకి వారం ముందు దానంతట అదే మీ ఫార్మసీకి చేరుతుంది. మీరు నెలనెలా ఆర్డర్ పెట్టనక్కర్లేదు, సర్జరీలో ఆ రెండు రోజుల నిరీక్షణ ఉండదు.

ప్రతిసారీ ఇచ్చే ముందు ఫార్మసిస్టు కొన్ని ప్రశ్నలు అడగాలి. పోయినసారి మందులు తీసుకున్నాక వేరే డాక్టర్‌ని కలిశారా, కొత్త మందు ఏదైనా మొదలుపెట్టారా, మందుతో ఇబ్బంది ఏమైనా ఉందా, ఈ జాబితాలో ఈసారి అక్కర్లేనిది ఉందా. దయచేసి వీటికి తలూపి వచ్చేయకండి. ఇండియాలో ఉన్నప్పుడు ఎవరో రాసిన మందు, ఇంట్లో వాడుతున్న ఆయుర్వేదం లేహ్యం, మొదలుపెట్టిన అశ్వగంధ... అన్నీ చెప్పాల్సింది అక్కడే. అశ్వగంధ థైరాయిడ్ స్థాయిల మీద ప్రభావం చూపగలదు. థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లు అది చెప్పకపోతే, డోసు ఎందుకు కుదరడం లేదో డాక్టర్‌కి అంతుపట్టదు.

ఎవరికి నప్పుతుంది? డోసు కుదిరిపోయిన థైరాయిడ్, బీపీ, కొలెస్ట్రాల్ మాత్రలు, మారని షుగర్ మాత్రలు వాడేవాళ్లకి. ఎవరికి నప్పదు? డోసు ఇంకా సరిచేస్తున్నవాళ్లకి, ఆసుపత్రి చికిత్స మధ్యలో ఉన్నవాళ్లకి, అవసరమైనప్పుడే వాడే మందులకి. డోసు మారితే మిగిలిన విడతలన్నీ రద్దు చేసి మళ్లీ రాయాలి, గందరగోళం అవుతుంది. కొన్ని మందులకైతే చట్టమే ఒప్పుకోదు. షుగర్ వల్ల వచ్చే నరాల మంటకి వాడే ప్రీగాబలిన్, గాబాపెంటిన్ 2019 ఏప్రిల్ నుంచి ఇక్కడ నియంత్రిత మందులు, అంటే దుర్వినియోగం కాకుండా చట్టం గట్టి అదుపులో పెట్టినవి. ట్రమడాల్ 2014 నుంచే ఆ జాబితాలో ఉంది. వీటిని ఈ పద్ధతిలో ఇవ్వరు, ప్రతిసారీ అడిగి తీసుకోవాల్సిందే. పైగా వీటి ప్రిస్క్రిప్షన్ 28 రోజులే చెల్లుతుంది. మామూలు మందులకైతే ఆరు నెలలు.

ఈ పద్ధతి మీకు ఎవరూ పిలిచి ఇవ్వరు. రివ్యూకి వెళ్లినప్పుడు ‘నా మాత్రలు ఏడాదిగా మారలేదు, బ్యాచ్‌లో రాయగలరా’ అని మీరే అడగండి. ఒప్పుకోవడం డాక్టర్ ఇష్టం, కానీ మందులు నిలకడగా ఉన్నప్పుడు కాదనడానికి పెద్ద కారణం ఉండదు. ఒప్పుకుంటే ఒక జాగ్రత్త పాటించండి. తీసుకోవడానికి రెండు మూడు రోజుల ముందు ఫార్మసీకి ఫోన్ చేసి సిద్ధం చేయమనండి. విడత సిస్టమ్‌లో వచ్చినా, అడిగితేనే సంచీ కట్టే ఫార్మసీలు ఉన్నాయి.

ఎక్కడ తీసుకోవాలి

ఇంటి దగ్గరి ఫార్మసీకి నా ఓటు. ముఖం గుర్తుపడతారు, మందు మారితే వాళ్లే అడుగుతారు, స్టాక్ లేకపోతే రేపు రమ్మంటారు. ఆఫీసు దగ్గరి ఫార్మసీ పెట్టుకోవాలని చాలామందికి ఉంటుంది. సెలవు పెట్టిన వారమో, ఇంటి నుంచి పనిచేసే రోజులో మందు కావాల్సి వచ్చినప్పుడు అది దూరమైపోతుంది. ఆఫీసు నుంచి వచ్చేసరికి ఫార్మసీ మూసేస్తున్నారంటే, సాయంత్రం ఆలస్యంగా దాకా తెరిచి ఉండేదాన్నో, సంచీని లాకర్లో పెట్టి ఏ వేళకైనా తీసుకోనిచ్చేదాన్నో వెతకండి. అన్ని ఊళ్లలోనూ ఉండవు కానీ క్రమంగా వస్తున్నాయి.

ఆన్‌లైన్ ఫార్మసీలు పోస్టులో ఇంటికి పంపుతాయి. ఇంట్లో చిన్నపిల్లలున్నవాళ్లకి, కారు లేనివాళ్లకి, ఫార్మసీలో ఏం మందు వాడుతున్నామో ఎవరైనా వింటారేమో అని మొహమాటపడేవాళ్లకి మంచివే. పోస్టు ఆలస్యమైతే మీ చేతిలో ఏమీ ఉండదు కాబట్టి ఇక్కడ పది రోజుల గడువు తప్పనిసరి అనుకోండి. ఇన్సులిన్ లాంటి చల్లగా ఉంచాల్సిన మందులు, వెంటనే మొదలుపెట్టాల్సిన యాంటీబయాటిక్స్ అయితే వీధిలో ఉన్న ఫార్మసీకే వెళ్లండి. చేరే ముందు ఆ ఆన్‌లైన్ ఫార్మసీ పేరు ఫార్మసీలని నియంత్రించే జనరల్ ఫార్మాస్యూటికల్ కౌన్సిల్ రిజిస్టర్‌లో ఉందో లేదో చూడండి. ఇక్కడొక మెలిక కూడా ఉంది. ఆన్‌లైన్ ఫార్మసీలో చేరేటప్పుడు ఒక టిక్కుతో అదే మీ ఫార్మసీ అయిపోతుంది. తర్వాత గొంతు నొప్పికో జ్వరానికో డాక్టర్ రాసిన అర్జెంటు మందు కూడా అక్కడికే వెళ్లిపోతుంది. అర్జెంటు మందు రాసినప్పుడు ‘ఇది ఫలానా ఫార్మసీకి పంపండి’ అని డాక్టర్‌కి అక్కడే చెప్పండి.

మామూలు ఫార్మసీలు కూడా డెలివరీ చేస్తాయి, కానీ అందుకు ఎన్‌హెచ్‌ఎస్ డబ్బివ్వదు. అందుకే చాలా చోట్ల ఇప్పుడు చార్జి ఉంది.

పల్లెల్లో ఉన్నవాళ్లకి సర్జరీలోనే మందులు ఇచ్చే ఏర్పాటు ఉండవచ్చు. ఫార్మసీకి మైలు కంటే ఎక్కువ దూరంలో, గ్రామీణ ప్రాంతంగా గుర్తించిన చోట ఉంటే దీనికి అర్హులు. మీకు ఆ వీలుంటే వాడుకోండి. డాక్టర్, మందు ఒకే గుమ్మంలో దొరకడం కంటే సుఖం ఏముంది.

స్టాక్ లేదని ఫార్మసీ చెప్పినప్పుడు చాలామంది ఉత్త చేతులతో తిరిగొచ్చి రోజూ ఫోన్ చేస్తుంటారు. ఆ అవసరం లేదు. ప్రిస్క్రిప్షన్‌ని తిరిగి సిస్టమ్‌లోకి వదిలేయమని అడగండి. అలా వదిలితే మందు ఉన్న ఇంకో ఫార్మసీ దాన్ని తీసి ఇవ్వగలదు. వెళ్లే ముందు ఆ రెండో ఫార్మసీకి ఫోన్ చేసి మందు ఉందని తేల్చుకోండి.

కౌంటర్ దగ్గర మన పేర్లు

కట్టిన సంచులు కౌంటర్ వెనక అరల్లో ఇంటిపేరు అక్షరాల వరసలో పేర్చి ఉంటాయి. మన పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు ఒకరికి ముందు, ఒకరికి వెనక. కొందరికి అసలు పేరే సర్‌నేమ్ గళ్లో పడి ఉంటుంది. మీరు ఇంటిపేరు చెప్తారు, వాళ్లు ఆ అరలో వెతుకుతారు, సంచీ అసలు పేరు అరలో ఉంటుంది. ‘మీకేమీ రాలేదు’ అంటారు. నిజానికి మూడు అడుగుల అవతల ఉంటుంది.

సర్జరీ రికార్డులో పేరు ఎలా ఉందో యాప్‌లో ఒకసారి చూసుకుని, కౌంటర్ దగ్గర అదే వరసలో చెప్పండి. పోస్ట్‌కోడ్, పుట్టిన తేదీ, పది అంకెల ఎన్‌హెచ్‌ఎస్ నంబర్ చెప్తే ఇంకా సులువు. ఆ నంబర్ ఫోన్‌లో రాసి పెట్టుకోండి. మీ బదులు ఇంకెవరైనా వెళ్లి తీసుకోవచ్చు. పేరు, అడ్రస్ చెప్పగలిగితే చాలు. నియంత్రిత మందులకైతే గుర్తింపు కార్డు అడగవచ్చు.

డబ్బు

వీసాతో పాటు హెల్త్ సర్‌చార్జి కట్టాం కదా, మందులు ఉచితమే అనుకుంటారు. కాదు. ఇంగ్లండ్‌లో 2024 మే 1 నుంచి ఒక్కో మందుకి 9.90 పౌండ్లు, 2025లో దాన్ని పెంచలేదు. వేల్స్, స్కాట్లండ్, ఉత్తర ఐర్లండ్‌లో ఈ చార్జి లేదు.

ఇది ప్రిస్క్రిప్షన్‌కి కాదు, అందులోని ఒక్కో మందుకి. మనవాళ్లకి దెబ్బ తగిలేది ఇక్కడే. ఇండియాలో బీపీకి టెల్మిసార్టాన్, ఆమ్లోడిపిన్ కలిపి ఒకే మాత్రగా ఇస్తారు. ఇక్కడ ఎక్కువగా విడివిడిగా రాస్తారు, అంటే రెండు చార్జీలు. ఇంకో వైపు, మందు ఎన్ని రోజులకి ఇచ్చినా చార్జి ఒకటే. 28 రోజుల బదులు 56 రోజులకి రాస్తే ఏడాది ఖర్చు సగమవుతుంది. అడిగి చూడండి, నిర్ణయం డాక్టర్‌ది.

ముందు మీకు మినహాయింపు ఉందేమో చూసుకోండి. 60 దాటినవాళ్లకి, 16 లోపు పిల్లలకి, ఫుల్‌టైమ్ చదువులో ఉన్న 16 నుంచి 18 ఏళ్లవాళ్లకి మందులు ఉచితం. గర్భిణులకి, ప్రసవమైన ఏడాది వరకు తల్లులకి సర్టిఫికెట్ మీద ఉచితం. వీటికంటే మన ఇళ్లలో ఎక్కువగా పనికొచ్చేది మెడికల్ ఎగ్జెంప్షన్. మందులతో అదుపు చేస్తున్న షుగర్, మాత్రలు వాడాల్సిన హైపోథైరాయిడ్, మూర్ఛ, క్యాన్సర్ చికిత్స వంటివి ఆ జాబితాలో ఉన్నాయి. ఒక్క బీపీకో, ఆస్తమాకో, ఆహారంతోనే అదుపులో ఉన్న షుగర్‌కో ఇది రాదు. సర్జరీలో ఎఫ్‌పీ92ఏ ఫారం అడిగి నింపితే డాక్టర్ సంతకం చేసి పంపుతారు. అయిదేళ్లు చెల్లుతుంది. ఆ సర్టిఫికెట్ ఉంటే థైరాయిడ్ మాత్రలకే కాదు, దగ్గు మందుతో సహా అన్ని ఎన్‌హెచ్‌ఎస్ ప్రిస్క్రిప్షన్లూ ఉచితం. ముప్పై ఏళ్లకే థైరాయిడ్ మాత్ర వేసుకుంటూ ప్రతి నెలా పది పౌండ్లు కట్టే మన ఆడపిల్లలు ఎందరో ఉన్నారు. మీకు తెలిసినవాళ్లుంటే ఈ ఒక్క ఫారం గురించి చెప్పండి.

జబ్బు ఉంటే సరిపోదు, సర్టిఫికెట్ చేతిలో ఉండాలి. ఫారం పంపకుండా ‘నాకు షుగర్, ఉచితమే’ అని కౌంటర్‌లో సంతకం పెడితే తర్వాత పరిశీలనలో దొరికి, చార్జితో పాటు వంద పౌండ్ల దాకా జరిమానా నోటీసు ఇంటికి వస్తుంది. సర్టిఫికెట్ ఇంకా రాలేదంటే డబ్బు కట్టి, కట్టేటప్పుడే ఎఫ్‌పీ57 రసీదు అడగండి. మామూలు రసీదు మీద డబ్బు వెనక్కి రాదు. ఈ రసీదుతో మూడు నెలల్లోపు అడగవచ్చు.

మినహాయింపు లేనివాళ్లకి ముందుగా కట్టే సర్టిఫికెట్ ఉంది, పీపీసీ అంటారు. మూడు నెలలకి 32.05 పౌండ్లు, ఏడాదికి 114.50. నెలకి ఒక్క మందే వాడినా, 28 రోజుల లెక్కన పదమూడు సార్లకి 128.70 అవుతుంది. అంటే ఒక్క మందుకే పీపీసీ గిట్టుబాటు. రెండు మందులైతే 257.40 బదులు 114.50. ఒకేసారి కట్టలేకపోతే పది నెలల వాయిదాల్లో కట్టవచ్చు. మెనోపాజ్ హార్మోన్ మందులే వాడేవాళ్లకి 19.80 పౌండ్లకి వేరే సర్టిఫికెట్ ఉంది, అది ఏడాది నడుస్తుంది. పారాసెటమాల్ లాంటివి మాత్రం ప్రిస్క్రిప్షన్ మీద తీసుకోకండి, సూపర్‌మార్కెట్లో ఒక పౌండు లోపే దొరుకుతాయి.

ఇండియా ప్రయాణం, అమ్మానాన్నల రాక

ఇండియాకి వెళ్తుంటే టికెట్ కొన్న వారమే సర్జరీకి తేదీలు తెలియజేయండి. సాధారణంగా మూడు నెలల లోపు ప్రయాణానికి సరిపడా అడగవచ్చు, అంతకు మించితే ఇక్కడి నుంచి ఇవ్వరు. ఏడాది బ్యాచ్ ఉన్నవాళ్లకి ఇంకా సులువు. ప్రయాణం ఉందని చెప్తే ఫార్మసిస్టు తర్వాతి విడతని ముందే ఇవ్వగలరు.

అమ్మానాన్నలు విజిటర్ వీసా మీద వస్తుంటే, ఉండే రోజులకి సరిపడా మాత్రలు అక్కడి నుంచే తెప్పించుకోవడం మంచిది. డాక్టర్ చీటీలో బ్రాండ్ పేరు పక్కన మందు అసలు పేరు, డోసు రాయించండి. ఇక్కడి ఫార్మసిస్టుకి థైరోనార్మ్ అంటే తెలియకపోవచ్చు, లెవోథైరాక్సిన్ 50 మైక్రోగ్రాములు అంటే వెంటనే తెలుస్తుంది. నియంత్రిత మందులుంటే ఆ చీటీ ప్రయాణంలో తప్పక వెంట ఉండాలి. మాత్రలు తక్కువ పడితే సర్జరీలో తాత్కాలికంగా రిజిస్టర్ చేయమని అడగవచ్చు. జీపీని కలవడానికి డబ్బు కట్టక్కర్లేదు, 60 దాటితే ఎన్‌హెచ్‌ఎస్ ప్రిస్క్రిప్షన్‌కీ చార్జి లేదు. ఆసుపత్రి చికిత్సకి మాత్రం బిల్లు పడుతుంది కాబట్టి ఇన్సూరెన్స్ లేకుండా రప్పించకండి.

అయిపోయాక గుర్తొస్తే

సర్జరీ తెరిచి ఉంటే వెంటనే చెప్పి అర్జెంటుగా అడగండి. ఏ మందో, ఎన్ని మాత్రలు మిగిలాయో స్పష్టంగా చెప్పండి. మూసి ఉంటే ఎన్‌హెచ్‌ఎస్ హెల్ప్‌లైన్ అయిన 111 వెబ్‌సైట్‌లో రిపీట్ మందుల అత్యవసర విభాగం ఉంది, 111కి ఫోన్ కూడా చేయవచ్చు. వాళ్లు మందు ఉన్న ఫార్మసీకి పంపుతారు. నేరుగా ఫార్మసీకి వెళ్లినా, మీరు ఆ మందు ముందు నుంచి వాడుతున్నట్టు ఆధారం ఉంటే, ప్రిస్క్రిప్షన్ లేకుండానే కొద్ది రోజులకి ఇచ్చే అధికారం ఫార్మసిస్టుకి ఉంది. ఖాళీ స్ట్రిప్, పాత రిపీట్ చీటీ, యాప్‌లోని మందుల జాబితా, వీటిలో ఏదో ఒకటి పట్టుకెళ్లండి. ట్రమడాల్, ప్రీగాబలిన్, గాబాపెంటిన్ లాంటివి ఈ దారిలో ఇవ్వరు. ఆ మందులు వాడేవాళ్లు శుక్రవారం మధ్యాహ్నానికల్లా సంచీ చేతికి వచ్చిందో లేదో చూసుకుంటే, రాకపోయినా సర్జరీ మూయకముందే ఫోన్ చేయడానికి టైమ్ ఉంటుంది.